వయసెంత అని అడిగితే కోపమెందుకు?

ఒంగోలు నుంచి ఒక రిటైర్డు మాస్టారు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అందులో మూడున్నర పేజీలు కోపం, అర పేజీ ప్రశ్న.

సంగతేమిటంటే, ఆయన వేసవిలో అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళారు. ఒకనాడు వియ్యాలవారు భోజనానికి వస్తున్నారు. వియ్యంకుడుగారికి బీరు అలవాటుంది. కొడుకు పనిలో ఉన్నాడు కదా అని ఈయనే పక్కనున్న పెద్ద దుకాణానికి నడిచి వెళ్ళి, కూరగాయలతో పాటు ఆరు బీరు సీసాల అట్టపెట్టె కూడా తోపుడు బండిలో పెట్టుకున్నారు. డబ్బు కట్టేచోట కూర్చున్న అమ్మాయి గుర్తింపు కార్డు చూపమంది. పాస్‌పోర్టు ఇంట్లో సూట్‌కేసులో ఉంది. ఆధార్ కార్డు తీసి ఇస్తే ఆ పిల్ల అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వుతూనే, ఇది ఇక్కడ చెల్లదని చెప్పి, బీరు పెట్టెను తీసి పక్కన పెట్టేసి, వంకాయలకూ టమాటాలకూ మాత్రం బిల్లు వేసింది.

"నాకు అరవై ఎనిమిదేళ్ళు. తల ముగ్గుబుట్ట అయింది. సగం పళ్ళు కట్టుడు పళ్ళు. ముప్పయ్యారేళ్ళు బడిలో పిల్లల పుట్టిన తేదీలు రిజిస్టరులో రాసిన చెయ్యి ఇది. నా మనవరాలి ఈడు పిల్ల నలుగురిలో నన్ను నిలబెట్టి, నీకు ఇరవై ఒకటి నిండాయా అన్నట్టు అడిగితే ఏమనుకోవాలి? డాక్టరు గారూ, ఇందులో ఆరోగ్యానికి సంబంధించిన అర్థం ఏమైనా ఉందా, లేక వట్టి చాదస్తమేనా?" అని ఆయన ప్రశ్న.

మాస్టారూ, ముందు ఒక మాట ఒప్పుకుంటాను. మీకొచ్చిన కోపమే నాకూ వచ్చింది. నేనూ కొన్నేళ్ళ క్రితం ఆర్జిత సెలవు పెట్టి, డిపార్ట్‌మెంటు అనుమతి కాగితం కోసం నెలా పదిరోజులు తిరిగి, చివరికి డల్లాస్‌లో ఉన్న అమ్మాయి ఇంటికి వెళ్ళాను. ఒక శనివారం సాయంత్రం నేనూ, మా అల్లుడూ, అక్కడే కాలేజీలో చేరిన మా చెల్లెలి కొడుకూ కలిసి దుకాణానికి వెళ్ళాం. నా పాస్‌పోర్టు నా జేబులోనే ఉంది. అల్లుడి లైసెన్సు అతని దగ్గర ఉంది. కాని మేనల్లుడికి పంతొమ్మిదే. ముగ్గురం కలిసి వచ్చాం కనుక ముగ్గురి కార్డులూ చూడాలంది కౌంటరు దగ్గరి ఆవిడ. చూసి, అమ్మనంది. నేను డాక్టర్నని చెప్పాను. "చాలా సంతోషం" అంది గాని, సీసా మాత్రం ఇవ్వలేదు.

కారులో కూర్చున్నాక నేను ఇంకా గొణుగుతుంటే మా అల్లుడు చెప్పాడు. టెక్సస్ రాష్ట్రంలో ఇరవై ఒకటి నిండనివాడికి మద్యం అమ్మితే నేరం అమ్మిన మనిషి మీదే పడుతుందట. నాలుగువేల డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. పైగా ప్రభుత్వం వారే అప్పుడప్పుడు తక్కువ వయసు కుర్రవాళ్ళను మామూలు కొనుగోలుదారుల్లా దుకాణాలకు పంపించి పరీక్షిస్తుంటారట. ఎవరి ముఖం చూసి వయసు పోల్చుకుంటూ కూర్చుంటుంది ఆవిడ? అందరినీ అడగడమే ఆవిడకు క్షేమం. నా తెల్లజుట్టు కంటే ఆవిడ ఉద్యోగం విలువైనది. అక్కడికి నా కోపం సగం దిగింది. మిగతా సగం ఎలా దిగిందో చివర్లో చెబుతాను.

ఇరవై ఒకటి ఎక్కడి లెక్క?

ఇది వట్టి చాదస్తం కాదనడానికి అమెరికా వారి అనుభవమే సాక్ష్యం. అక్కడ 1933లో మద్యనిషేధం ఎత్తివేసినప్పుడు చాలా రాష్ట్రాలు ఇరవై ఒకటినే హద్దుగా పెట్టుకున్నాయి. 1971లో పద్దెనిమిదేళ్ళకే ఓటు హక్కు వచ్చింది. ఓటు వెయ్యగలవాడు, యుద్ధానికి పోగలవాడు గ్లాసు పట్టకూడదా అని వాదం లేచింది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. 1970 నుంచి 1975 లోపల 29 రాష్ట్రాలు ఆ హద్దును తగ్గించాయి. తగ్గించిన చోట్ల కుర్రవాళ్ళ కారు ప్రమాదాలు పెరిగాయి. ఒక రాష్ట్రంలో పద్దెనిమిది, పక్క రాష్ట్రంలో ఇరవై ఒకటి ఉన్నచోట పిల్లలు సరిహద్దు దాటి వెళ్ళి తాగి, తిరిగి వస్తూ దారిలోనే పోయేవారు.

చివరికి 1984లో కేంద్ర ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఇరవై ఒకటి హద్దు పెట్టని రాష్ట్రానికి రోడ్ల కోసం ఇచ్చే నిధుల్లో కోత పెడతామంది. 1988 నాటికి అన్ని రాష్ట్రాలూ దారికొచ్చాయి. హద్దు పెంచిన చోట్ల మోటారు ప్రమాదాలు సుమారు 16 శాతం తగ్గినట్టు అక్కడి పరిశోధనల సమీక్షలో తేలింది. కౌంటరు దగ్గర ఒక ప్రశ్న అడగడం వల్ల, ఎక్కడో ఒక తల్లి కడుపుకోత తప్పిందన్నమాట.

కార్డు అడగడమంటే అవమానించడం కాదనడానికి ఇంకొక ఉదాహరణ. బ్రిటన్‌లో మద్యం కొనడానికి హద్దు పద్దెనిమిదే. అయినా అక్కడి దుకాణాల్లో ఇరవై అయిదు లోపు కనిపించే ప్రతివాడినీ కార్డు అడిగే పద్ధతి ఉంది. స్కాట్లాండులో 2011 నుంచి దాన్ని తప్పనిసరి చేశారు. ముఖం చూసి వయసు చెప్పడంలో మనిషికి రెండు మూడేళ్ళ పొరపాటు మామూలే. ఆ పొరపాటుకు చోటు వదలడం కోసమే ఏడేళ్ళ జాగా వదిలారు.

కుర్రవాడి మెదడు సంగతి

"పద్దెనిమిది నిండినవాడు పెద్దవాడు కాదా?" అని మీరు అడగవచ్చు. పొడుగు చూస్తే పెద్దవాడే. గడ్డం మీసం చూస్తే పెద్దవాడే. తలలోపల మాత్రం ఇంకా పని జరుగుతూనే ఉంటుంది. మెదడు అన్ని భాగాలూ ఒకేసారి పక్వానికి రావు. సంతోషం, ఉద్రేకం, దూకుడు, నలుగురిలో మెప్పు కోసం తహతహ, వీటిని నడిపే భాగాలు ముందుగా తయారవుతాయి. ముందువెనకలు చూడమని చెప్పే భాగం, అంటే నుదుటి వెనకాల ఉండే భాగం, అన్నిటికంటే ఆలస్యంగా, సుమారు ఇరవై అయిదేళ్ళ దాకా తయారవుతూ ఉంటుంది. ఎడ్లు వయసుకొచ్చాయి గాని, పగ్గం ఇంకా పేనుతూనే ఉన్నారు. ఈ దశలో ఆ పగ్గాన్నే సడలించే పదార్థం మద్యం.

ఇంకొక చిక్కు ఉంది. పెద్దవాడు నాలుగు గ్లాసులు పుచ్చుకుంటే మత్తుతో కళ్ళు వాలిపోతాయి. ఆ నిద్రే అతన్ని ఆపుతుంది. లేత వయసులో ఈ మత్తునిద్ర త్వరగా రాదని జంతువుల మీద చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. కనుక "నాకేమీ ఎక్కలేదురా" అంటూ కుర్రవాడు ఇంకా పోసుకుంటాడు. ఎక్కలేదనుకున్నది ఎక్కుతూనే ఉంటుంది.

మూడోది అలవాటు. 1990లలో అమెరికాలో వేలమందిని అడిగి తేల్చిన లెక్క ఇది. పదిహేనేళ్ళ లోపల తాగడం మొదలుపెట్టినవారిలో దాదాపు నూటికి నలభైమంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలయ్యారు. ఇరవై దాటాక మొదలుపెట్టినవారిలో అలా అయినవారు సుమారు పదిమంది. త్వరగా మొదలుపెట్టేవారికి ఇంటి పరిస్థితులు, వంశంలో ఉన్న గుణం లాంటి కారణాలు కూడా తోడై ఉండవచ్చు. అంతా సీసా మీదకే తోసెయ్యలేం. కాని ఎంత ఆలస్యమైతే అంత మేలన్నది నిక్కం.

సీసా లెక్క

"బీరేగా డాక్టరు గారూ!" అనే తండ్రులు నాకు రోజుకొకరైనా కనిపిస్తారు. లెక్క చూద్దాం. మన బీరు సీసా 650 మిల్లీలీటర్లు. స్ట్రాంగు బీరులో ఎనిమిది శాతం దాకా ఆల్కహాలు ఉంటుంది. అంటే ఒక్క సీసాలో దాదాపు 41 గ్రాముల ఆల్కహాలు. విస్కీ, బ్రాందీలలో 42.8 శాతం ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో సుమారు 60 గ్రాములు. చూశారా! స్ట్రాంగు బీరు సీసాన్నర తాగినవాడు ఒక క్వార్టరు తాగినట్టే.

దీన్ని విరిచి బయటికి పంపే పని లివరుది. అది గంటకు ఏడు నుంచి పది గ్రాములకు మించి విరవలేదు. మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండుకున్నా, కాఫీ తాగినా, తలమీద బిందెడు నీళ్ళు పోసుకున్నా ఆ వేగం పెరగదు. క్వార్టరు దిగడానికి సుమారు ఆరు నుంచి ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. రాత్రి పదకొండింటికి ముగించినవాడు తెల్లవారుజామున నాలుగింటికి స్కూటరు ఎక్కితే, తనకు దిగిందనుకుంటాడే గాని, రక్తంలో ఇంకా ఉంటుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాములు దాటితే మన మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం.

మన దగ్గర హద్దు లేదా?

ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇరవై ఒకటే. గోవాలో 18, కేరళలో 23. మహారాష్ట్రలో బీరుకు 21, విస్కీ వగైరాలకు 25. కనుక మాస్టారూ, డల్లాస్‌లోనైనా ఒంగోలులోనైనా చట్టం ఒకటే. తేడా అడగడంలో ఉంది.

మన బ్రాందీ షాపు ముందు సాయంత్రం ఏడింటికి నిలబడి చూడండి. కటకటాల్లోంచి చేతులు లోపలికి పోతాయి, డబ్బు పోతుంది, సీసా వస్తుంది. చేతికి వయసెంతో ఎవరు చూస్తారు? లైసెన్సు లేని బెల్టు షాపుల్లోనైతే కార్డు ఊసే లేదు. ఉప్పూ పప్పూ అమ్మే బల్ల కిందనే సీసాలుంటాయి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో పదిహేనేళ్ళు నిండిన మగవారిలో నూటికి సుమారు 43 మంది తాగుతామని చెప్పారు. ఇలాంటి చోట పిల్లవాడికి సీసా చేరకుండా ఆపేది ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్నే మనం అడగం.

ఎక్కడైనా ఒక షాపువాడు అడిగాడే అనుకోండి, గొడవ. "నన్నెవరనుకున్నావ్?" అని ఒకడు, "మా నాన్న ఎవరో తెలుసా?" అని ఇంకొకడు. ఇరవై మూడేళ్ళు వచ్చినా బక్కపలచగా ఉండే కుర్రవాడికి నలుగురిలో నామోషీగా ఉంటుంది, నిజమే. నేను కాదనను. వెనకాల ఉన్నవాళ్ళు నవ్వుతారు. కాని ఆ నామోషీ రెండు నిమిషాలు. జేబులో డ్రైవింగ్ లైసెన్సు ఉంటే ఒక్క నిమిషం. పుట్టిన తేదీ ఉన్న గుర్తింపు కార్డు చూపితే చాలు. ఆధార్ జిరాక్సు ఇచ్చి రానక్కర్లేదు, ఎవరైనా అడిగినా ఇవ్వకండి.

ఆ రాత్రి

ఇప్పుడు నా కోపంలో మిగిలిన సగం సంగతి.

అమెరికా వెళ్ళడానికి కొన్నేళ్ళ ముందు నేనొక ఏరియా ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. డిసెంబరు 31 రాత్రి డ్యూటీ నాది. ఒంటిగంట దాటాక ఒక మోటారుసైకిలు మీద ముగ్గురు కుర్రాళ్ళు వచ్చారు. మధ్యలో ఉన్నవాడి తల వేలాడుతోంది. పదిహేడేళ్ళ వాడు, ఇంటర్ రెండో సంవత్సరం. మేడమీద పందెం కట్టి, ఖాళీ కడుపున, అరగంటలో రెండు క్వార్టర్లు తాగాడట. పడిపోతే స్నేహితులు వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో మజ్జిగ పోసి, "నిద్రపోతే దిగిపోతుంది" అనుకుని కిందికి దిగి పాటలు పెట్టుకున్నారు. గంట తరవాత వెళ్ళి చూస్తే పెదవులు నీలంగా ఉన్నాయి.

మత్తులో ఉన్నవాడికి వాంతి వస్తే దగ్గి బయటికి నెట్టే శక్తి ఉండదు. వాంతీ, పోసిన మజ్జిగా కలిసి ఊపిరితిత్తుల్లోకి పోయాయి. గొట్టం వేసి లాగాం, గుండె నొక్కాం, మందులు వేశాం. నలభై నిమిషాల తరవాత నేనే ఆపమని చెప్పాను.

తండ్రి వచ్చాడు. చిన్న ఉద్యోగి, నెమ్మదైన మనిషి. నన్నేమీ అడగలేదు. ఆ స్నేహితుల వంక తిరిగి, "వీడికి ఎవడ్రా ఇచ్చింది?" అన్నాడు. వాళ్ళలో ఒకడు తలవంచుకుని, "మన సందు చివర షాపులోనే అంకుల్. మా నాన్న పంపాడని చెప్పాడు. ఇచ్చేశారు" అన్నాడు.

ఆ మనిషి అలాగే గోడకు జారగిలబడి కూర్చుండిపోయాడు. కాసేపటికి తనలో తనే అనుకుంటున్నట్టు చెప్పాడు. పదేళ్ళ వయసు నుంచీ వాణ్ణి తనే పంపేవాడట. ఆదివారం సాయంత్రం డబ్బిచ్చి, చిల్లర వాణ్ణే ఉంచుకోమనేవాడట. షాపులో వాడు అందరికీ తెలుసు. తెలిసినవాడిని వయసెంతని ఎవరడుగుతారు?

నేను ఆయన్ని మందలించలేకపోయాను. ఎందుకంటే, అంతకు ముందు ఒక పల్లెటూరి ఆస్పత్రిలో పనిచేసే రోజుల్లో, ఇంటికి స్నేహితులు వస్తే నేనూ వాచ్‌మన్ కొడుకు చేతిలో డబ్బు పెట్టి పంపేవాణ్ణి. వాడికి పన్నెండో పదమూడో. "డాక్టరుగారికి" అనగానే న్యూస్‌పేపరులో చుట్టి ఇచ్చేవారు. ఆ చిల్లర నేనూ వాణ్ణే ఉంచుకోమన్నాను. ఎంబీబీఎస్ చదివినవాణ్ణి. ఒక్కనాడైనా తప్పనిపించలేదు. వాడు ఇప్పుడు ఎక్కడున్నాడో, తాగుతున్నాడో లేదో నాకు తెలియదు.

డల్లాస్‌లో ఆ కౌంటరు దగ్గరావిడ మేనల్లుడి కార్డు చూసి సీసా వెనక్కి పెట్టిన రోజు, రాత్రి పడుకున్నాక నాకు ఈ ఇద్దరు పిల్లలూ గుర్తొచ్చారు. సందు చివర షాపులో ఇలాంటి మనిషి ఒక్కరుంటే! ఎంత విసుగు పుట్టించే మనిషైనా సరే!

చట్టం మాట కూడా చెబుతాను. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, పద్దెనిమిది నిండని పిల్లలకు మద్యం ఇవ్వడమే కాదు, మద్యం అమ్మడానికీ, మొయ్యడానికీ, తేవడానికీ వాళ్ళను వాడుకోవడమూ నేరమే. ఏడేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. మన ఇళ్ళల్లో ఎంతమంది పెద్దమనుషులు ఈ నేరం చేసి, ఆ సంగతే తెలియక హాయిగా నిద్రపోతున్నారో ఆలోచించండి.

మత్తులో పడిపోయినవాడికి ఏం చెయ్యాలి?

ఈ భాగం కత్తిరించి దాచుకోండి. తాగనివారి ఇంట్లో కూడా పనికొస్తుంది.

గట్టిగా పిలిచి, భుజం తట్టి చూడండి. లేవకపోతే, శ్వాస నిమిషానికి ఎనిమిది కంటే తక్కువగా ఉంటే, ఒక శ్వాసకూ ఇంకో శ్వాసకూ మధ్య పది సెకన్లు దాటితే, పెదవులు నీలంగా ఉంటే, ఒళ్ళు చల్లబడితే, మూర్ఛ వస్తే, అది నిద్ర కాదు. వెంటనే 108కి ఫోను చెయ్యండి.

వెల్లకిలా పడుకోబెట్టవద్దు. ఒక పక్కకు తిప్పి, పై మోకాలు ముందుకు వంచి, తల కొద్దిగా వెనక్కి పెట్టి, నోరు కిందికి వాలి ఉండేలా పడుకోబెట్టండి. వాంతి వస్తే బయటికి పోతుంది.

నోట్లో ఏమీ పొయ్యవద్దు. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, ఉప్పునీళ్ళు, ఏవీ వద్దు. వేలు పెట్టి వాంతి చేయించవద్దు. చన్నీళ్ళు పోసి స్నానం చేయించవద్దు. అసలే చల్లబడుతున్న ఒళ్ళు ఇంకా చల్లబడుతుంది.

ఒంటరిగా వదలవద్దు. తాగడం ఆపిన తరవాత కూడా కడుపులో ఉన్నది రక్తంలోకి చేరుతూనే ఉంటుంది. ఇప్పుడు మాట్లాడుతున్నవాడు అరగంటలో మాట పడిపోవచ్చు. శ్వాస ఆగితే ఛాతీ మధ్యన గట్టిగా, త్వరత్వరగా నొక్కుతూ ఉండండి.

తాగిన సీసా ఆస్పత్రికి వెంట తీసుకురండి. కల్తీ సారాలో మిథైల్ ఆల్కహాలు ఉంటే, ముందు మామూలుగానే ఉండి, కొన్ని గంటల తరవాత చూపు మసకబారుతుంది, కడుపులో నొప్పి వస్తుంది. ఆ లక్షణం కనిపించిన క్షణంలో రావాలి. తెల్లారనిద్దాం అనుకుంటే చూపుకూ ప్రాణానికీ కూడా ముప్పే.

అన్నిటికంటే ముఖ్యం, పోలీసులకు తెలుస్తుందనో నాన్న తిడతాడనో స్నేహితులు ఆలస్యం చెయ్యకూడదు. మీ పిల్లలకు ఇవాళే చెప్పండి: "ఎవరికైనా అలా అయితే ఎంత రాత్రయినా నాకు ఫోను చెయ్యి, ఆ పూట నిన్నేమీ అనను" అని. ఆ మాట మీద నిలబడండి.

ఇంట్లో పెద్దలకు

పిల్లల్ని షాపుకు పంపకండి. తోడుగా కూడా తీసుకువెళ్ళకండి. "మూతెడు రుచి చూడరా" అని పండగపూట సరదా చెయ్యకండి. ఇంట్లో సీసా ఉంటే బీరువాలో పెట్టి తాళం వెయ్యండి.

జలుబు చేసిందని పసిపిల్లలకు నాలుగు చుక్కల బ్రాందీ నాకించే అలవాటు కొన్ని ఇళ్ళల్లో ఇంకా ఉంది. అమ్మమ్మలకు చేతులెత్తి నమస్కరించి చెబుతున్నాను, మానండి. పసివాడి లివరుకు దాన్ని విరిచే శక్తి చాలదు. రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్సు రావచ్చు. జలుబుకు బ్రాందీ ఎప్పుడూ మందు కాదు.

షాపులో కూర్చునేవారికి ఒక మాట. ముఖం తెలిసినవాడైనా అడగండి. "నాన్న పంపాడు" అంటే, నాన్ననే రమ్మనండి. బేరం ఒకటి పోతుంది, నిజమే.

ఇక ఇరవై ఒకటి దాటినవాళ్ళు, దాటాం కదా అని సంబరపడకండి. ఆ అంకె దాటితే మద్యం అమృతమైపోదు. అది క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1988లోనే తేల్చింది. ఆరోగ్యానికి ఏ హానీ లేని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. తాగనివాడు ఏ వయసులోనూ మొదలుపెట్టనక్కర్లేదు.

చివరిగా, మాస్టారూ, మీ వియ్యంకుడుగారు కూడా మీ ఈడువారే అయి ఉంటారు. నా చేతిలో ఉంటే అరవై దాటినవారిని కూడా కార్డు అడిగించేవాణ్ణి. పుట్టిన తేదీ కార్డు కాదు, మందుల చీటీ. వయసు మీద పడ్డకొద్దీ ఒంట్లో నీరు తగ్గుతుంది కనుక అదే బీరు ముప్పై ఏళ్ళనాటి కంటే ఎక్కువ ఎక్కుతుంది. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవారికి చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. నిద్రమాత్ర మీద మద్యం పడితే శ్వాస మందగిస్తుంది. రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవారు తూలిపడితే తలలో రక్తస్రావమవుతుంది. కాబట్టి ఆనాడు ఆ పిల్ల బీరు పక్కన పెట్టి వంకాయలు మాత్రం ఇచ్చి పంపడం వైద్యరీత్యా కూడా మంచి సలహానే!

మీరు ముప్పయ్యారేళ్ళు హాజరు పట్టీ పిలిచారు. ఎదురుగా కూర్చున్న పిల్లవాణ్ణి కూడా పేరు పెట్టి పిలిచి, "ప్రెజెంట్ సార్" అంటేనే టిక్కు పెట్టారు. కనిపిస్తూనే ఉన్నాడు కదా, ఎందుకు పిలవడం అని మీరెన్నడూ అనుకోలేదు. ఒక్కణ్ణి వదలకూడదనే అందరినీ పిలిచారు. ఆ అమ్మాయి చేసిందీ అదే. ఈసారి వెళ్ళినప్పుడు పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని వెళ్ళండి. అడిగితే తీసి చూపించి, "థాంక్స్ అమ్మా" అనండి.